ఆటు వేళ

పదకొండు మీటింగులు.
పదకొండూ పట్టపగలే, మున్సిపాలిటీ హాల్లో,
పొగచూరిన కట్టెల పొయ్యి పక్కన.
గోడకు నాలుగు మేకులు కొట్టి తగిలించిన పటంలో
పుంతా పెలూ రేవు, చిలోయే వాన రంగు సముద్రం,
మధ్యలో నా ఎర్రగీత:
నూట ఇరవై మీటర్ల కాంక్రీటు ర్యాంపు.

కెప్టెన్ ఓయార్జూన్‌కి లోతు కావాలి.
నాలుగు మీటర్లు తగ్గితే ఫెర్రీ అడుగు గీరుకుంటుందట.
ఆల్చిప్పల కంపెనీ గ్రెబే గారికి
లారీ తిరిగేంత చోటు, డిసెంబరులోపు సంతకం.
మేయరుకి రిబ్బను.
దోమితిలా నావెల్కిన్ చివరి బెంచీలో కూచుని
ఊలు మేజోడు అల్లుకుంటూ ఉండేది.
ఆమె పేరు ఎదురుగా ప్రతిసారీ రాశాను: హాజరు.
ఒకసారి, అభ్యంతరం లేదు, అని కూడా.
మౌనం అర్ధాంగీకారం అంటారు కదా,
మిగతా సగం నేనే కలుపుకున్నాను.

పని మొదలైన రోజు
తొమ్మిదిమంది ఆడవాళ్ళు రబ్బరు బూట్లతో వచ్చి
పొక్లెయిన్ తొట్టిలో కూచున్నారు.
ఎవరూ అరవలేదు. ఫ్లాస్కు తెచ్చుకున్నారు.
సాయంత్రానికి నా బల్ల మీద మూడు ఉత్తరాలు,
మూడూ "సగౌరవంగా" అనే మొదలయ్యాయి.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.
ఆ రెంటికీ మధ్య కూచుని
మినిట్స్ రాసే మనిషి గురించి
సామెత ఏమీ చెప్పదు.

ఆ రాత్రి దోమితిలా ఇంటికి వెళ్ళాను.
వేడి బంగాళాదుంప రొట్టె చేతిలో పెట్టి అంది:
"మీ పటంలో నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి.
రేపు అయిదింటికి రండి. అందర్నీ తీసుకురండి.
మంచి బూట్లు వద్దని చెప్పండి."

సముద్రం లేదు.
పావు కిలోమీటరు అవతలికి జరిగి పడుకుంది.
అది ఖాళీ చేసి వెళ్ళిన బురద నేలలో
వరసలు వరసలుగా పెలీయో నాచు,
వరస వరసకీ ఒక పుల్ల, పుల్లకో గుడ్డ పీలిక.
నీలం మాన్సీయా వాళ్ళది, గళ్ళది నావెల్కిన్ వాళ్ళది.
దస్తావేజులు లేవు. అమ్మల నుంచి కూతుళ్ళకు పీలికలే.
నా ఎర్రగీత పద్నాలుగు ఇళ్ళ మీదుగా పోతోంది.

"ముప్ఫై ఏళ్ళుగా నేను దీని పైనా తిరిగింది?"
కెప్టెన్ టోపీ తీసి, ఎందుకు తీశాడో తెలీక,
మళ్ళీ పెట్టుకున్నాడు.
గ్రెబే కుడి బూటు బురద మింగేసింది.
ఒక పిల్ల లాగింది, మేజోడు మాత్రమే వచ్చింది.

ఉత్తరాన నల్లరాతి అరుగు చూపించాడు కెప్టెన్,
తుఫానుల్లో తన తండ్రి పడవ కట్టిన చోటు.
లోతుంది, దారి లేదు.
దారి కంపెనీ స్థలంలోంచి వెయ్యాలి.
గ్రెబే కుదరదన్నాడు. హెడ్డాఫీసు అన్నాడు.
ఈలోగా పోటు మొదలైంది.
చీలమండలదాకా నీళ్ళు. వచ్చే మీటింగులో చూద్దాం
అనబోయిన మేయరు కాళ్ళవైపు చూసుకుని ఊరుకున్నాడు.
పుల్లలు పీకాం, పాతాం, మళ్ళీ పీకాం.
మోకాళ్ళదాకా వచ్చాక గ్రెబే,
ఒంటి బూటుతో, సరే అన్నాడు.

ఇప్పుడు ర్యాంపు మోచేయిలా వంగి ఉంటుంది.
ఫొటోలో బాగా రాలేదని మేయరు గునిసాడు.
ఖర్చు పదకొండు శాతం పెరిగింది,
తర్వాతి ప్రాజెక్టు నాకు ఇవ్వలేదు.
ఎంత వంచినా రెండు వరసలు కాంక్రీటు కిందికే పోయాయి.
నీలం పీలిక ఒకటి ఇంకా నా కోటు జేబులో ఉంది.
ఒందీనా మాన్సీయా పరిహారం తీసుకుంది,
నా నమస్కారం తీసుకోలేదు.

ఆఖరి మీటింగు తెల్లారుజామున పెట్టాను.
కాగితం నెత్తిన తేదీ కంటే ముందు ఆటు సమయం రాశాను.
ఒందీనా వచ్చింది, కూచుంది, ఏమీ అనలేదు.
ఆమె పేరు ఎదురుగా గడి
ఖాళీగానే ఉంది.